ఏడో గీత

రోజుకి నాలుగుసార్లు మా మావయ్యకి నా కూతురి గొంతు పడదు.

మిగతా వేళల్లో అది ఆయన భుజం దిగదు. తొమ్మిది నెలల పిల్ల. చెవి పట్టుకుని లాగినా, మొహం మీద బిస్కెట్టు ఉమ్మినా, "నా తల్లే, నా బంగారమే" అంటాడు. అలాంటి మనిషి పొద్దున్న ఆరింటికి, పన్నెండింటికి, మూడింటికి, మళ్ళీ సాయంత్రం ఆరింటికి మాత్రం వేరే మనిషైపోతాడు. పిల్లని తెచ్చి నా చేతిలో పెట్టి, "లోపలికి తీసుకెళ్ళమ్మా, తలుపు కూడా వేసెయ్" అంటాడు. అది ఏడవక్కర్లేదు. ఊరికే "తా తా" అన్నా సరే, లోపలికే.

మా ఇల్లు కాలవ లాకు పక్కనే ఉంటుంది. లాకంటే తెలియనివాళ్ళ కోసం చెప్తాను. కాలవకి ఎగువ నీళ్ళు ఎత్తులో, దిగువ నీళ్ళు పల్లంలో ఉంటాయి. మధ్యలో రెండు జతల పెద్ద పెద్ద కర్ర తలుపులు. పడవ ఆ తలుపుల మధ్యకొచ్చి నిలబడితే నీళ్ళు నింపి పైకెక్కిస్తారు, లేదా వదిలి కిందికి దింపుతారు. నగరం పుట్టినప్పటి కాలవట ఇది. ఒకప్పుడు సరుకంతా దీని మీదే వచ్చేదట. ఇప్పుడు వారానికి రెండో మూడో షికారు పడవలు, అంతే.

పడవలు లేకపోయినా నీళ్ళని చూసుకోవాలి కదా. అదే మావయ్య పని. ఎగువన మట్టం తగ్గితే పై చక్రం తిప్పి పక్క కాలవలోంచి నీళ్ళు వదలాలి. పెరిగితే కింది చక్రం తిప్పి దిగువకి తోలెయ్యాలి. రోజుకి నాలుగుసార్లు ఆ మట్టం ఎంతుందో రిజిస్టరులో రాయాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన చేస్తున్నది అదే. రెండు గదులు, వంటిల్లు, వరండా ఉన్న ఈ ఇల్లు ఆ పనితో పాటు వచ్చింది. పని ఉన్నన్నాళ్ళే ఇల్లు.

నాకు ఆ కాలవంటే భయం. వరండా మెట్టు నుంచి నీళ్ళకి పదకొండు అడుగులు. నేనే అడుగులేసి కొలిచాను. పిల్ల పాకడం మొదలుపెట్టాక పాత దుప్పటి అంచు చింపి, ఒక కొస దాని నడుముకి, ఇంకో కొస మంచం కోడుకి కట్టాను. మా ఆయన చూసి, "మేకపిల్లని కట్టేసినట్టు కట్టేశావేంటే" అని ఒకటే నవ్వు. ఆయనకేం, బస్సు డిపోలో మెకానిక్కు. పొద్దున్న పోతే చీకటి పడ్డాకే రాక. పగలంతా నీళ్ళ పక్కన పిల్లతో ఉండేది నేను.

ఇలా ఉండగా దీపస్తంభాలకి రంగు కాగితాలు అంటించారు. కాలవ ఒడ్డున రెండు రోజుల పాటల పండగ, శని, ఆదివారాలు, అందరికీ ఉచితం అని. ఏటా వంతెన దగ్గర చేసేవాళ్ళు. అది మాకు మైలు పైన దూరం. ఈసారి వంతెనకి మరమ్మతులు జరుగుతున్నాయని మా లాకు ముందుకి తెచ్చారు.

"అమ్మాయ్, విన్నావా?" అంటూ అత్తయ్య కూరగాయల సంచితోనే గుమ్మంలో నిలబడిపోయింది. "మన మెట్ల దగ్గరేనట! టిక్కెట్టు లేదు, బస్సు చార్జీ లేదు. ముప్పై ఏళ్ళ కాపురానికి ఈ కొంప వల్ల నాకొక్క సుఖం దొరికింది. మొదటి వరస నాది. ఎవరొచ్చినా లేవను."

మావయ్య అన్నం తింటున్నాడు. ఆ మాట విని చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. "లాకు ముందా?" అన్నాడు. "మరీ అంత దగ్గరా?" మళ్ళీ ముద్ద ఎత్తలేదు.

బుధవారం నాడు బల్లకట్టు ఒకటి తెచ్చి, దాని మీద చెక్కలు పరిచి, నీళ్ళ మీదే వేదిక కట్టారు. నడుముకి వైర్ల చుట్టలు తగిలించుకున్న ఒక గడ్డపాయన పెద్ద పెద్ద స్పీకర్లు దింపిస్తున్నాడు. అందరూ మైకులాయన అని పిలుస్తున్నారు. మావయ్య పిల్లని ఎత్తుకుని ఆయన దగ్గరికి వెళ్ళాడు. నేను వెనకే ఉన్నాను, పిల్ల చెప్పు జారితే తొడగడానికి.

"బాబూ, మూడింటికీ ఆరింటికీ ఒక పావుగంట ఆపుతారా?"

"ఏం, కునుకు తీసే టైమా పెద్దాయనా?"

"కునుకు కాదు, పని."

"చేసుకోండి. మా పాటకి మీ పని అడ్డమా? హుషారుగా సాగుతుంది."

"పోనీ పది నిమిషాలు."

"నిమిషం ఖాళీ లేదు పెద్దాయనా. ఒక జట్టు దిగుతుంటే ఇంకో జట్టు ఎక్కుతుంది. మీకంత చిరాకైతే చెవుల్లో దూది పెట్టుకోండి."

దూది అనగానే మావయ్య ఆయన వైపు చూసిన చూపు నాకు అర్థం కాలేదు. కోపం కాదది, భయం.

నాకు చిన్నప్పటి నుంచి ఒక పాడు అలవాటుంది. ఏదైనా అర్థం కాకపోతే అది అరికాల్లో ముల్లులా సలుపుతూనే ఉంటుంది. బళ్ళో మా టీచరు నాకు "ఎందుకమ్మ" అని పేరు పెట్టింది. ఎనిమిదో క్లాసులో ఉండగా మా అమ్మ మంచాన పడింది, తమ్ముణ్ణీ చెల్లెల్నీ చూసుకోవడానికి నేను బడి మానేశాను. ప్రశ్నలు మాత్రం మానలేదు. అడగడానికే మనిషి లేకుండా పోయింది. తర్వాత్తర్వాత అడిగితే నవ్వుతారేమో అని నోట్లోనే దాచుకోవడం నేర్చుకున్నాను.

అయినా అత్తయ్య దగ్గర ఒక రాయి వేసి చూశాను. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతోంది.

"అత్తయ్యా, మావయ్యకి చప్పుడంటే ఎందుకు పడదు?"

"చెవిపోటు."

"నిన్న రేడియో అంత పెద్దగా పెట్టుకుని విన్నారు కదా?"

"అది ఇంకో చెవితో" అంది ఆవిడ తలెత్తకుండా. "కత్తి ముందు కూర్చోబెట్టి ఇన్ని ప్రశ్నలడక్కు. వేలు తెగుతుంది."

ఉల్లిపాయలకి ఏడుస్తోందా, ఇంకా దేనికైనానా అని నాకు ఇంకో ప్రశ్న మిగిలింది.

శుక్రవారం పన్నెండింటికి పిల్లని నిద్రపుచ్చి, వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. మావయ్య లాకు తలుపు దగ్గరికి వెళ్ళాడు. మోకాళ్ళ మీద వంగి, తలుపు పై దూలానికి చెవి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. ఒక చెయ్యి గాలిలో లేపి, ఎవరినో ఆగమన్నట్టు అలాగే ఉంచాడు. పెదాలు కదులుతున్నాయి. కాసేపటికి లేచి, గట్టు మీది రిజిస్టరు మొహానికి దగ్గరగా పెట్టుకుని ఏదో రాసి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఎదురుగా గోడకి నీళ్ళల్లోకి దిగుతూ నీలం రంగు గేజీ బోర్డు ఉంటుంది. తెల్ల అంకెలు, ఒకటి నుంచి ఏడు దాకా. మట్టం చూడాల్సింది అందులోనే. మావయ్య ఆ వైపు తలే తిప్పలేదు.

నేను పరిగెత్తి వెళ్ళి రిజిస్టరు చూశాను. ఆరు అని రాసుంది. బోర్డు చూశాను. నీళ్ళు సరిగ్గా ఆరు దగ్గరున్నాయి.

ఎలా తెలిసింది? కర్ర చెప్పిందా?

మూడింటికి ఆయన రాకముందే పిల్లని చంకనేసుకుని బోర్డు పక్కన నిలబడ్డాను. నడినెత్తి దాటినా ఎండ ఇంకా ఫెళఫెళలాడుతోంది. ఆయనకీ నాకూ మధ్య పదిహేను అడుగులుంటే ఎక్కువ. ఆయన వచ్చాడు, సూటిగా నా మొహంలోకే చూశాడు. నేను నవ్వాను.

"ఎవరండీ అక్కడ?" అన్నాడు. "అక్కడ నిలబడకూడదండీ. జారుతుంది."

ఏనాడూ నన్ను అండీ అని ఎరగడు ఆయన.

పిల్ల "తా!" అంది. మావయ్య మొహం పాలిపోయింది. "నువ్వా తల్లీ" అని గట్టు మీద కూలబడ్డాడు.

నాకు అప్పటికి తెలిసిపోయింది. అయినా నోరూరుకోదు కదా. "మావయ్యా, ఈ బోర్డు మీద ఎంతుంది?"

బోర్డు వైపు మొహం తిప్పి అన్నాడు. "నీలంగా ఏదో ఉందని తెలుస్తుంది. అంకెలు కనపడక రెండేళ్ళయింది. కళ్ళకి పొర కమ్మింది. దగ్గరగా పెట్టుకుంటే రాయగలను, నడవగలను. దూరం పోయింది."

"మరి రోజూ ఎలా రాస్తున్నారు?"

"తలుపుల సందులోంచి నీళ్ళు కారుతుంటాయి చూడు. మట్టాన్ని బట్టి ఆ చప్పుడు మారుతుంది. తక్కువుంటే గురక పెట్టినట్టుంటుంది, ఎక్కువైతే సన్నగా ఈల వేస్తుంది. ముప్పై ఏళ్ళు విన్నాక గీత గీతకీ తేడా తెలుస్తుంది. అందుకే పిల్లని..." ఆగిపోయాడు. "దాని గొంతు కూడా ఈలలాగే ఉంటుందమ్మా. నా లెక్క తప్పిస్తుంది."

ఎందుకో నాకు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. నా కూతురంటే ఏదో పడదనుకుని లోపల్లోపల ఎన్ని నెలలు కుమిలానో.

"కంటి పరీక్ష చేయరా ఆఫీసులో?"

"ఏటా చేస్తారు. మీ అత్తయ్యనడుగు."

అత్తయ్యని అడిగితే తలుపేసి మరీ చెప్పింది. పోయినేడు పరీక్షకి ఆయనతో పాటు వెళ్ళి, వరసలో ముందు తను నిలబడి, గోడ మీది అక్షరాలన్నీ కంఠతా పట్టిందట. ఆయన వంతు వచ్చేలోపు పక్కకి తీసుకెళ్ళి రెండుసార్లు అప్పజెప్పించుకుందట. "చివరి వరస మాత్రం కనపడటం లేదని చెప్పమన్నాను. అన్నీ చదివేస్తే అనుమానం రాదూ? ఆ బుర్ర నాది" అంది. గర్వపడాలో భయపడాలో తెలియని మొహంతో ఇంకా అంది, "ఆయనకి ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. ఈలోగా తెలిసిందంటే పనీ పోతుంది, ఇల్లూ పోతుంది. పసిపిల్లని పట్టుకుని ఎక్కడికి పోతాం? మీ ఆయనకి చెప్పకు. వాడికి కడుపులో మాట ఆగదు."

రేపటి నుంచి రెండు రోజులు ఆ స్పీకర్లు మోగితే కారే నీళ్ళ చప్పుడు ఎక్కడ వినపడుతుంది? బల్లకట్టేమో నీళ్ళ మీద తేలుతోంది. మట్టం తగ్గితే ఒడ్డు నుంచి దాని మీదికి వేసిన చెక్క దారి ఏటవాలైపోతుంది. పెరిగితే జనం కూర్చునే మెట్ల మీదికి నీళ్ళొస్తాయి.

"నేను చదివి చెప్తాను మావయ్యా" అన్నాను బయటికొచ్చి.

"నీకు వస్తుందా?"

"అంకెలే కదా. ఎనిమిదో క్లాసు దాకా అవే చదివాను."

ఆయన మొహం కొంచెం తేటపడింది. "అయితే గుర్తుపెట్టుకో. ఏడు ఉండాలి. ఏడో గీత. ఎంతుందో చెప్పావంటే మిగతాది నేను చూసుకుంటాను."

ఏడేంటి, రిజిస్టరులో రోజూ ఆరు అనేగా ఉంటుంది అని ఒక్క క్షణం అనిపించింది. అడగబోయాను. ముప్పై ఒక్క ఏళ్ళు చేసిన మనిషికి తెలియదా, చదువాపేసినదాన్ని నాకెందుకులే అని మింగేశాను.

శనివారం మధ్యాహ్నం రెండయ్యేసరికి మెట్లన్నీ నిండిపోయాయి. అంతమంది మా ఇంటి ముందు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. చెప్పులు విడిచి పక్కన పెట్టుకుని, కొంగులు, తువ్వాళ్ళు తలల మీద వేసుకుని, తెచ్చుకున్నవేవో తింటూ. మొదట ఇద్దరు అక్కచెల్లెళ్ళు పాడారు, ఒకావిడ గొంతు ఎక్కడాగితే ఇంకోవిడది అక్కడ అందుకుంటూ. తర్వాత డోళ్ళ జట్టు ఎక్కింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. డోలు ఎక్కడో కొడితే నా గుండెల మీద ఎందుకు తగులుతోంది అని ఆశ్చర్యపోతూ విన్నాను.

అత్తయ్య మాట నిలబెట్టుకుంది. అన్నిటికంటే కింది మెట్టు మీద, నీళ్ళకి జానెడు ఎత్తున కూర్చుంది. "పిల్లనివ్వు. చంకలో అదుంటే ఏం చదువుతావు? నేను గట్టిగా పట్టుకుంటాలే" అంది. నాకు ఇష్టం లేదు. దుప్పటి పీలిక ఆవిడ మణికట్టుకి రెండు ముళ్ళేసి మరీ ఇచ్చాను. "నన్ను కూడా కట్టేశావూ?" అంది పక్కావిడతో నవ్వుతూ.

మూడైంది. మావయ్య అలవాటుగా దూలానికి చెవి ఆనించాడు. లాభం లేదని చెయ్యి ఊపాడు. నేను బోర్డు చూసి వచ్చి ఆయన చెవిలో అరిచాను.

"ఆరు!"

"ఆరా? అంత తగ్గిందా?" పై చక్రం దగ్గరికి వెళ్ళి మూడు చుట్లు తిప్పాడు. పావుగంటయ్యాక మళ్ళీ చదివాను.

"ఆరున్నర!"

"ఇంకా అరా?" ఇంకో రెండు చుట్లు తిప్పాడు.

డోళ్ళు ఊపందుకున్నాయి. జనం చప్పట్లు కొడుతున్నారు. నేను బోర్డు మీదే కళ్ళు పెట్టి నిలబడ్డాను. తెల్ల ఏడు కింది కాలు మునిగింది, నడుము మునిగింది. నాకు పట్టరాని సంతోషం. నేను చదివి చెప్తే కాలవ నిండుతోంది! పరిగెత్తుకెళ్ళి, "ఏడు మావయ్యా! సరిగ్గా ఏడు!" అని అరిచాను.

వెనక్కి తిరిగి చూద్దును కదా, కింది మెట్టు లేదు.

దాని మీద నీళ్ళున్నాయి. చెప్పులు జతలు జతలుగా తేలిపోతున్నాయి. జనం కెవ్వుమంటూ, నవ్వుతూ, ఒకరి మీద ఒకరు పడుతూ పై మెట్లకి ఎగబాకుతున్నారు. అత్తయ్య నడుము దాకా తడిసి, లేవలేక, పిల్లని రెండు చేతులతో నెత్తి కంటే ఎత్తులో పట్టుకుని కూర్చుంది. నేను ఎలా వెళ్ళానో నాకే తెలియదు. ముళ్ళు ఊడదీసి, ఆవిడ చేతుల్లోంచి పిల్లని లాక్కుని గుండెకి అదుముకున్నాను. చీలమండ లోతు నీళ్ళే. అయినా పిల్లని తల నుంచి కాళ్ళ దాకా తడుముకున్నాను. పిల్లకేమో కిందికి దిగి ఆ నీళ్ళని చేత్తో కొట్టాలని ఒకటే గింజులాట.

"వైర్లు! వైర్లు తడుస్తున్నాయి! కరెంటు తీసెయ్యండి!" అని మైకులాయన గావుకేక పెట్టాడు.

ఒక్కసారిగా అంతా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మావయ్య గొంతు వినపడింది. "ఓరి నాయనో, ఈల వేస్తోంది! నిండిపోయింది!" అంటూ ఆయన ఎవరూ చెప్పకుండానే పై చక్రం మూసి, కింది చక్రం వైపు పరిగెత్తాడు. దబదబా ఆరు చుట్లు తిప్పాడు. దిగువన నీళ్ళు దూకిన చప్పుడైంది. పది నిమిషాల్లో మెట్టు బయటపడింది, ఎవరిదో ఒక చెప్పుతో సహా.

మావయ్య రొప్పుతూ వచ్చాడు. "ఏడన్నావు కదే తల్లీ. ఏ ఏడు చూశావు?"

"నీలం బోర్డు మీది ఏడు."

ఆయన నుదురు కొట్టుకున్నాడు. "నేను చెప్పింది రాతి గీత!" అని గోడ దగ్గరికి లాక్కెళ్ళి, బోర్డు పక్కన నాచు గోకాడు. కింద రాతిలో చెక్కిన గీతలు బయటపడ్డాయి, అడుగుకొకటి, పక్కన పాత అంకెలు. "కాలవ కట్టినప్పుడు చెక్కినవి. నేను పని నేర్చింది వీటి మీదే. బోర్డు తర్వాతెప్పుడో వచ్చింది. రాతి ఏడంటే బోర్డు ఆరు. వినేది ఏడు, రాసేది ఆరు. నాకది ఎంత అలవాటైపోయిందంటే, నీకు చెప్పాలని కూడా తోచలేదు."

"రిజిస్టరులో ఆరుంటుందని నేను చూశాను మావయ్యా. అడుగుదామనుకున్నాను."

"మరడగలేదేం?"

"నవ్వుతారని."

"రోజుకి పాతిక ప్రశ్నలడుగుతావు. అడగాల్సిన ఒక్కటీ మింగావా?" అన్నాడు. తిట్టినట్టు లేదు. ఇద్దరం ఆ గోడ వైపే చూస్తూ నిలబడ్డాం.

అంతలో జనంలోంచి ఒకావిడ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, తడిసిన బూట్లు చేత్తో పట్టుకుని వచ్చింది. మావయ్యకి గొంతు వినగానే తెలిసింది. కాలవ ఆఫీసు ఇంజినీరమ్మ. పాటలు వినడానికి వచ్చిందట.

"చక్రం ఎవరు తిప్పారు?"

"నేనే" అన్నాడు మావయ్య.

"నేను బోర్డు తప్పు చదివి చెప్పానండీ" అన్నాను గబగబా. "తప్పు నాది. ఆయనకేం సంబంధం లేదు."

"అది సరిగ్గానే చదివిందమ్మా" అన్నాడు మావయ్య.

"మీ పని ఆవిడెందుకు చేస్తోంది? మీరు చదవొచ్చు కదా?"

వెనక నుంచి అత్తయ్య బట్టలు పిండుకుంటూ అందుకుంది. "కళ్ళజోడండీ, పొద్దున్నే కింద పడి..."

"నువ్వూరుకోవే" అన్నాడు మావయ్య. ఆయన చేతులు చక్రం గ్రీజుతో నల్లగా ఉన్నాయి. వాటిని తువ్వాలుకి తుడుస్తూనే ఉన్నాడు. "నాకు కనపడదమ్మా. రెండేళ్ళయింది. చెవితో చూస్తున్నాను."

మా ఇల్లు అప్పుడే పోయిందనుకున్నాను. గదులు, కిటికీ, పిల్ల ఉయ్యాల కొక్కెం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఇంజినీరమ్మ కోప్పడుతుందని చూశాను. ఆవిడ కనుబొమలు ముడిచి, "చెవితో ఎలా?" అంది.

నాకు ఆవిడ మీద ప్రేమ పుట్టింది.

మావయ్య దూలం చూపించాడు. ఆవిడ కూడా వంగి చెవి ఆనించింది. "నాకు నీళ్ళు కారుతున్నట్టే ఉంది. ఇప్పుడెంత?" అని అడిగింది. మావయ్య కాసేపు విని, "మీ బోర్డు లెక్కలో ఆరు మీద ఒక వేలు" అన్నాడు. ఆవిడ వెళ్ళి చూసి వచ్చింది. రిజిస్టరు తీసి వెనక్కి వెనక్కి తిప్పింది, రెండేళ్ళ కాగితాలూ.

"ఇది గొప్ప సంగతే" అంది చివరికి. "కానీ ఇవాళ ఆ మెట్టు మీద పసిపిల్ల కూర్చుంది."

మావయ్య తల వంచుకున్నాడు. "అదే నేనూ అనుకుంటున్నానమ్మా."

"ఇక చక్రం ముట్టుకోకండి. రేపటి నుంచి మీరు సెలవు. ఈ పొర తీయించుకోవచ్చు, పెద్ద విషయం కాదు. ఇన్నాళ్ళు ఎందుకు దాచారు?"

"తీస్తే ఉన్నది కూడా పోతుందేమోనని భయం."

"సెలవులో ఉన్నన్నాళ్ళు ఇల్లు మీదే. తర్వాత మీ కళ్ళు ఏం చెప్తే అది. అంతకంటే నేను మాటివ్వలేను." బూట్లు తొడుక్కోబోయి, మళ్ళీ విప్పి నీళ్ళు ఒంపింది. "రేపు ఆదివారం. వేరే మనిషి సోమవారానికి గానీ రాడు. రేపు నేనే వస్తాను. నువ్వు చదువు" అంది నాతో. "రెండు లెక్కలూ చెప్పు."

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పాం. ఆయన వెళ్ళి తండ్రి పక్కన కూర్చుని, "బ్రేకులు లేని బండి నడిపావు కదా నాన్నా" అన్నాడు. ఎప్పుడెళ్దాం ఆసుపత్రికి అని కూడా అప్పుడే అడిగాడు. మావయ్య బుధవారం అన్నాడు. మర్నాడు పొద్దున్న గురువారం అన్నాడు. అత్తయ్య, "బుధవారమే. పక్కన నేనుంటాను. ఈసారి కంఠతా పట్టేదేం లేదుగా" అని తేల్చేసింది.

ఆదివారం ఇంజినీరమ్మ రెండున్నరకే వచ్చింది. మావయ్యని స్టూలు మీద కూర్చోబెట్టి, ఎన్ని చుట్లో చెప్పడం వరకే మీ పని అంది. అత్తయ్య ఈసారి నాలుగో మెట్టు మీద కూర్చుంది. కింది రెండు మెట్లకి మైకులాయన తాడు కట్టించాడు. పోతూ పోతూ మావయ్య దగ్గర ఆగి, "దూది మాట అన్నందుకు ఏమనుకోకండి పెద్దాయనా" అన్నాడు.

మూడింటికి చదివాను. "బోర్డు ఆరు, రాయి ఏడు!" సరిగ్గా ఉంది. తిప్పక్కర్లేదు.

పని లేక మావయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మొదట కాసేపు తల లాకు వైపే వాలి ఉంది. నెమ్మదిగా వేదిక వైపు తిరిగింది.

"ఆ బొంగురుగా మూలిగేదేంటమ్మా?"

"ఫిడేలు లాంటిదే మావయ్యా, మనిషి కంటే పొడుగుంది. పొట్టాయన నిలబడి వాయిస్తున్నాడు. కావలించుకున్నట్టు పట్టుకున్నాడు."

"అంత పెద్దదెందుకు?"

నాకు తెలియదు. వెళ్ళి మైకులాయన్ని అడిగొచ్చాను. "పొట్ట ఎంత పెద్దదైతే గొంతు అంత లోతుగా వస్తుందట."

"మీ అత్తయ్య విషయంలో అది అబద్ధం" అన్నాడు మావయ్య, ఆవిడ వినదని తెలిసి.

ఆరు కావస్తుండగా నిన్నటి అక్కచెల్లెళ్ళు మళ్ళీ ఎక్కారు. ఎండ చల్లబడింది. పిల్ల ఇంజినీరమ్మ ఒళ్ళో ఆడి ఆడి, ఆవిడ చొక్కా గుండీ పట్టుకుని నిద్రపోయింది. నేను గేజీ దగ్గరికి వెళ్ళాను. తలుపుల సందులోంచి కారి కాబోలు, మూడింటి నుంచి ఇప్పటికి మట్టం దిగింది.

"బోర్డు అయిదున్నర! రాయి ఆరున్నర!"

మావయ్య పలకలేదు. దగ్గరికి వెళ్ళి మళ్ళీ చెప్పాను. కళ్ళు మూసుకుని ఉన్నాడు. నా వైపు అరచెయ్యి చూపించాడు. "ఉండమ్మా. ఈ చరణం కానీ."

చరణానికేం తెలుసు? నీళ్ళు ఆగవు కదా. ఇంజినీరమ్మ వైపు చూశాను. ఆవిడ లేవబోయింది, పిల్ల మూలిగింది, ఆవిడ అలాగే కూర్చుండిపోయి కనుబొమలతోనే చక్రం వైపు చూపించింది. నువ్వే అని.

"మావయ్యా, ఎన్ని చుట్లు?" అని అరిచాను.

ఆయన కళ్ళు తెరవకుండా రెండు వేళ్ళు చూపించాడు.

చక్రం పట్టుకున్నాను. అంత బరువుంటుందని అనుకోలేదు. కాళ్ళు తన్నిపెట్టి ఊగితే గానీ కదల్లేదు. కదిలాక దానంతటదే వచ్చినట్టు వచ్చింది. ఎక్కడో కింద చీకట్లో తూము తెరుచుకుని నీళ్ళు పరిగెత్తడం అరచేతుల్లో తెలిసింది. రెండు చుట్లు తిప్పి ఆపాను. వెళ్ళి బోర్డు చూసి, రాయి చూసి వచ్చాను. బోర్డు మీద ఆరు కావాలంటే ఇంకా నాలుగు వేళ్ళు తక్కువ. ఆగితే అదే వస్తుందా, ఇంకో చుట్టు వేయాలా?

పాట ఇంకా అవ్వలేదు. అయినా మావయ్య భుజం తట్టి అడిగాను.